మా మామ గద్దె దిగిన ఏడు

మొన్న మా ఆడబిడ్డ కొడుకు నౌకరీకెల్లి రిటైరయిండని పెర్కిట్ రోడ్డు మీది ఫంక్షన్ హాల్‌ల పెద్ద దావత్ చేసిండ్రు. ఇంత వయసుల నాకెందుకురా అంటే వినకుంట నన్ను సుత కారుల కూసోబెట్టుకొని తీస్కపోయిండ్రు. ఒకల వెనక ఒకలు మైకు పట్టుకొని ఆయన ఆఫీసుల చేసిన పనులు, ఆయన మంచితనం, ఇగ ఆయన లేకుంట ఆఫీసు ఎట్ల నడుస్తదో అన్న ఫికరు, అన్నీ చెప్పిండ్రు. శాలువ మీద శాలువ కప్పంగ కప్పంగ పిలగాని మెడ కనవడకుంటయింది. తల నెరిసినా నాకు వాడు పిలగాడే. అంతా అయినంక బంతిల నా పక్కకొచ్చి కూసొని, ఇస్తార్ల వడ్డించిన అన్నం ముట్టకుంట, "అత్తా, రేపు పొద్దుగాల లేచి ఏం చెయ్యాలె?" అని ఎవలకు వినవడకుంట అడిగిండు. ముందుగాల తిను బిడ్డా, చల్లగయితది అన్న. ఇంటికొచ్చి నడుము వాల్చినంక మాత్రం గదే మాట మనసుల తిరగవట్టింది, ఎందుకంటే గీ పరేషాన్‌ను నేను చానా ఏండ్ల కింద మా ఇంట్లనే దగ్గెరుండి చూసిన. మా మామ నోరు తెరిచి ఎవలనూ అడుగలే గాని, ఆయన నడకల, ఆయన చేతులల్ల గీ ప్రశ్నే కనవడుతుండె.

నా ఈడువాళ్లకు చెప్తున్న ముచ్చట ఇది, మిగిలినోళ్లు వింటే వినుండ్రి. నేను ఇందల్వాయి పిల్లను. నిజాం రాజ్యం, ఎక్కడనో సముద్రాల అవతల పెద్ద లడాయి, ఈడ గాసునూనెకు, చక్కెరకు జనం తిప్పలవడుతున్న రోజులల్ల నా లగ్గమయి ఆర్మూర్‌ల గీ ఇంటికొచ్చిన. ఎడ్లబండి దిగి మొదటిసారి వాకిట్ల కాలు వెట్టినప్పుడు గోడలు పచ్చగ, గడపలు పచ్చగ, ఎదురొచ్చిన హమాలీల కనుబొమ్మలు సుత పచ్చగ కనవడితే, నా లగ్గం కోసమే ఊరంత పసుపు పూసుకున్నదనుకున్న. గీ మాట మా అత్తతోని అంటే ఆమె నవ్వి నవ్వి, ఇంటికొచ్చిన ప్రతి ఆడమనిషికి చెప్పింది, చానా ఏండ్లు బజార్ల నన్ను చూసినోళ్లు గదే యాదికి తెచ్చుకొని నవ్వేటోళ్లు. పసుపు కాలంల మా ఇంట్ల తెల్లబట్ట అన్నది ఉండకపోయేది. ఉతికి ఆరేసిన చీర ఎండేలోపల్నే పచ్చగయ్యేది, పాల మీద మీగడ సుత పచ్చగనే కట్టేది. దానికి మేమెవ్వలం ఏమనకపోయేది, గా దుమ్మే మా అన్నం.

ఇల్లంటే ముందర దుకాణం, వెనక ఇల్లు, నడుమ ఒక తలుపు. దుకాణం ముందర పెద్ద జాగ ఉండె. ఊళ్లకెల్లి రైతులు ఉడకవెట్టి ఎండవెట్టిన పసుపు బండ్ల మీద తెచ్చి గా జాగల కుప్పలు పోసేటోళ్లు, నిజామాబాదుకెల్లి, నాందేడు దిక్కుకెల్లి ఖరీదుదార్లు వచ్చి కొనుక్కపోయేటోళ్లు. రైతుకు ఖరీదుదారుకు నడుమ నిలవడి ధర తెంపేటోడు అడ్తిదారు. గదే మా మామ పని, ఆయనకన్న ముందుగాల ఆయన నాయిన పని. ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు గాని అప్పుడు ధర నోటితోని చెప్పుడు లేదు. మా మామ చెయ్యి ముందుకు చాపి దాని మీద తువ్వాల కప్పేటోడు, ఖరీదుదార్లు ఒకల తర్వాత ఒకలు తువ్వాల కిందికి చెయ్యి వెట్టి ఆయన వేళ్లు పట్టి నొక్కేటోళ్లు. ఏ వేలు పడితే ఎంత, ఎన్ని వేళ్లు కలిపి పడితే ఎంత అన్నది వాళ్లకే ఎరుక. పైకి చూస్తే ఇద్దరు పెద్దమనుషులు నిలవడి ఎండల గురించి, పిల్లల గురించి మాట్లాడుకుంటున్నట్టే ఉండేది, కింద మాత్రం వేళ్లు కొట్లాడుతుండేటియి. అందరి ధర తెలిసినంక మా మామ, ఖరీదుదారు ఒకల చెయ్యి ఒకలు గట్టిగ పట్టి ఊపితే బేరం తెగినట్టు. కాయిదం లేదు, దస్కత్ లేదు. తెల్లారి ధర ఎక్కినా దిగినా, చేతిల చెయ్యి పడ్డదంటే ఇగ తిరుగులేదు.

మా మామ పొట్టి మనిషి, మాట తక్కువ, చెయ్యి మాత్రం పెద్దది. వేళ్ల కొసలు ఎంత తోమినా పసుపు పోకపోయేది. ఆయన చెయ్యి ఇచ్చి వెనకకు తీసుకున్నది ఆర్మూర్ బజార్ల ఎవలు చూడలే, విన్నోళ్లు సుత లేరు. కొత్త ఖరీదుదారు వస్తే పక్కోళ్లు, గీ దుకాణంల ఫికరు లేదు, సావుకారి చెయ్యి పట్టినవంటే ఇంట్ల నిమ్మలంగ పండొచ్చు అని చెప్పేటోళ్లంట. గా పేరు తప్ప మా ఇంట్ల వేరే భోగం ఏం లేకుండె. మా అత్త మెడల పుస్తెలతాడు, రెండు ఎడ్లు, ఇంటి మీద పెంకులు, గంతే.

గా దుమ్ము అందరం పీల్చినం గాని ఆయనకే పడకుంటయింది. దమ్ము లేసింది. రాత్రి పగలు ఎగపోసుడే. నిజామాబాద్ దవాఖానకు తీస్కపోతే డాక్టరు ఛాతి మీద వేళ్లతోని కొట్టి చూసి, ఇంకొక్క పసుపు కాలం గా దుమ్ముల నిలవడితే మల్ల నా దగ్గెరికి తెచ్చే పని ఉండదు అన్నడంట. గా ఏడు దీపావళి నాడు దుకాణంల లక్ష్మిపూజ కాంగనే మా మామ లేచి, మా ఇంటాయన భుజం పట్టి తన గద్దె మీద కూసోబెట్టి, హారతి కండ్లకద్దుకొని, నడుమ తలుపు దాటి లోపలికొచ్చిండు. నడింట్ల పీట మీద కూసొని, "ఇగ నేను ఇంటి మనిషిని" అన్నడు. మా అత్త వంటింట్లకెల్లి తల బయటకు వెట్టి, "ఎన్ని దినాలకు?" అన్నది.

నాకు నవ్వొచ్చింది గాని ఆమెకు రాలే. లగ్గమయినప్పటిసంది గా తలుపు లోపల ఆమెదే రాజ్యం, ఆయన తిననీకి పండనీకి వచ్చే సుట్టం లెక్క ఉండేటోడు. ఇప్పుడు పొద్దందాక ఇంట్లనే. చింతపండు కుండల చెయ్యి వెట్టి వాసన చూసి ఇది పోయినేటిది అనేటోడు, కందిపప్పు అరచేతిల పోసుకొని వెలుతురుకు పట్టి చూసేటోడు, తొక్కు జాడీలను పెద్దయి ఒక దిక్కు, చిన్నయి ఒక దిక్కు జరిపి పెడితే మా అత్త చేతికి ఏదీ దొరకకపోయేది. వెనక వాకిట్లకు పెరుగమ్మే ఆమె ఒకామె వచ్చేది. మా అత్తకు ఆమె అంటే పాణం, పెరుగు కన్న ఎక్కువ ఆమె తెచ్చే ఊరి ముచ్చట్ల మీద పాణం. ఒకరోజు మా మామ నడుమ జొచ్చి, కుండల వేలు ముంచి, నీళ్లు కలిపినవా లేదా చెప్పు అని నిలవదీసి, పసుపు బేరం చేసినట్టు బేరం చేసి, ఆమె నోరు మూయించి, గెలిచినట్టు మోఖం పెట్టుకొని లోపలికొచ్చిండు. తెల్లారికెల్లి ఆమె మా వాకిలి తొక్కలే. మా అత్త పొద్దుమూకిందాక ఆయనతోని మాట్లాడలే, అన్నం మాత్రం నాతోని పెట్టించింది. ఆయనకు తను చేసిన తప్పేందో తెల్వక నా దిక్కు చూస్తే, నేను కొంగు నోట్ల పెట్టుకొని వంటింట్లకు ఉరికిన.

ఇట్ల కాదని మా అత్త ఆయనను భీమ్‌గల్‌ల బిడ్డ ఇంటికి పంపింది. మొన్న రిటైరయినోని తల్లి ఆమె, వాడు గప్పటికి ఇంక పుట్టలే. గుట్టల గాలి మంచిది, చెరువు కట్ట మీద నడువొచ్చు, నెల దినాలు ఉండి రమ్మన్నది. బిడ్డ ఎంతో సంబరపడి ఉంచుకున్నదంట గాని వారం తిరగకముందే మూట చంకల పెట్టుకొని వాపసొచ్చిండు. ఏమైందంటే, గాలి మంచిగనే ఉన్నది, చెయ్యనీకే ఏం లేదు అన్నడు. నాకు గప్పుడు జర పాపమనిపించింది. పని చేసే మనిషికి అలసట ఎంత బరువో తెలుసు గాని, పని లేని చేతులు ఎంత బరువుంటయో నేను ఆయనను చూసే నేర్చుకున్న.

గంతల పసుపు బండ్లు రావట్టినయి. ఇగ ఆయనను ఆపుడు ఎవలతోని కాలే. డాక్టరు మాట తీసేయకుంట దుకాణంలకు మాత్రం పోలే, నిజం చెప్పాలె. మంచం తెచ్చి నడుమ తలుపు కాడ వేసుకున్నడు. మూతికి తువ్వాల కట్టుకొని, తలుపు సందుకు చెవి పెట్టి కూసుండేటోడు. ఆయన దగ్గులు రెండు తీర్లు ఉండేటియి. ఒకటి దమ్ము దగ్గు, అది లోపలికెల్లి ఎగదన్నుకొని వచ్చేది, వింటే మన పాణం గుంజేది. ఇంకొకటి దుకాణం దగ్గు. కొడుకు బేరం జర తక్కువకు తెంపుతున్నట్టు అనుమానమొస్తే పొడిగ ఒక్కసారి దగ్గేటోడు. మా అత్త గోధుమలు ఏరుకుంట తల ఎత్తకుంటనే, ఇది దమ్ముది, ఇది దుకాణానిది అని చెప్పేది. దుకాణం దగ్గు వినంగనే అవతల మా ఇంటాయన చెయ్యి ఆగేది. తెంపేటోడు తెంపకపోయేది, ఇచ్చేటోడు ఇయ్యకపోయేది.

ఖరీదుదార్లు ఎంత తెలివిగలోళ్లు, నాలుగు దినాలల్ల పసిగట్టిండ్రు. తువ్వాల కింద చెయ్యి మా ఇంటాయనకు ఇచ్చి చెవి మాత్రం తలుపు దిక్కు పెట్టేటోళ్లు. నాందేడు ఖరీదుదారు ఒకాయన ఉండె, పెద్ద మీసాలు, పెద్ద నోరు. నిండు బజార్ల, లోపలి సావుకారి ఇంకా దగ్గలే, జర ఆగు అన్నడంట. జాగల ఉన్నోళ్లందరు నవ్విండ్రు, మా ఇంటాయన సుత వాళ్లతోని కలిసి నవ్విండు. అన్నానికి లోపలికొచ్చినప్పుడు మాత్రం ముద్ద కలుపుకుంటనే కూసున్నడు. మా అత్త ఏందిరా అని అడిగితే, "అమ్మా, గీ కాలం నా చెయ్యి నిలవకుంటే బాపు మల్ల గద్దెక్కుతడు. ఎక్కితే గా దుమ్ము ఆయనను తింటది" అన్నడు. నేను తలుపు చాటుకు నిలవడి విన్న. మా ఇంటాయనకు సావుకారి అనిపించుకోవాలని ఉండె, ఉండదా మల్ల, వయసుల ఉన్న మనిషి. కని గా రోజు ఆయన గొంతుల ఉన్నది తండ్రి పాణం మీది భయమే. గప్పటికెల్లి నాకు సుత గదే భయం పట్టుకున్నది.

మా అత్త మెత్తగ చెప్పే మనిషి కాదు. ఆ పూటనే మంచం కాడికి పోయి, "దగ్గినప్పుడల్ల కొడుకు చెయ్యి చిన్నగయితంది, ఎరుకేనా?" అన్నది. నేను కావాలని దగ్గుతున్ననా అన్నడాయన. గా మాటల సగం నిజం ఉండె. మా అత్త మంచం తీసి పెరట్ల వేయించింది, ఇంట్ల ఎవ్వలం ఆయన చెవిన పసుపు ధర వేయొద్దని ఒట్టు పెట్టించింది, హమాలీలకు సుత చెప్పి పెట్టింది. ఆయన అడుగుతుండె, మేము చెప్పకపోతుంటిమి. తెల్లగడ్డ ధర అడుగు చెప్తం అని నేనొకసారి అంటే, ఆయన నవ్విండు గాని గా నవ్వుల సత్తువ లేదు.

కామునిపున్నం, అదే హోళి పండుగ, పోయి ఎండలు ముదిరినయి. గా రోజు బజారు మస్తుగ నిండింది, బండ్లు రోడ్డు దాక నిలిచినయి. దుమ్ము ఎక్కువుంటదని మా అత్త పొద్దుగాలనే ఆయనను వెనక దర్వాజకెల్లి సాగనంపి, ఇంకో గల్లీల ఉండే సుట్టపాయన ఇంట్ల కూసొని పొద్దు తిరిగినంక రమ్మన్నది. మేమిద్దరం దుకాణం మీది మిద్దె ఎక్కి వడియాలు పెడుతున్నం. ఆమె పెడుతున్నది, నేను కాకులను కొట్టుకుంట కిందికి చూస్తున్న. చూస్తుంటే మా మామ సుట్టపాయన ఇంటి దిక్కు పోకుంట, గల్లీ తిరిగి, మా దుకాణం ముందర జాగలకే వచ్చిండు. భీమ్‌గల్ దిక్కు రైతు ఒకాయన పోసిన కుప్ప కాడ నిలవడి, వంగి ఒక కొమ్ము తీసి, పటుక్కున ఇరిచి లోపలి రంగు చూసిండు. మూతికి ఉన్న తువ్వాల తీసి భుజం మీద వేసుకున్నడు. గప్పుడే నాందేడాయన దండం పెట్టుకుంట వచ్చి చెయ్యి చాపిండు. మా మామ సుత చాపిండు, భుజం మీది తువ్వాల జారి ఇద్దరి చేతుల మీద పడ్డది. జారిందో, ఆయననే జార్చిండో, నాకిప్పటికీ తెల్వదు. జాగకు అవతలి కొసకు మా ఇంటాయన, నిజామాబాద్ ఖరీదుదారు. వాళ్ల చేతుల మీద సుత తువ్వాల. పైకెల్లి చూస్తున్న నాకు రెండు తువ్వాలలు ఒక్కసారే కదులుడు కనవడ్డది. ఇటు నాందేడాయన చెయ్యి గట్టిగ ఊపి నవ్విండు, అటు నిజామాబాదాయన ఊపిండు.

"అత్తా, మామ చెయ్యి ఇచ్చిండు" అన్న. ఆమె పిండి చేతులతోనే లేచింది. ఇద్దరం దిగి నడుమ తలుపు వెనకకు వచ్చేవరకే ఇద్దరు ఖరీదుదార్ల హమాలీలు సంచులు పట్టుకొని ఒక్కటే కుప్ప మీదికి వచ్చి నిలవడ్డరు. నాదంటే నాదని లొల్లి. నాందేడాయన గొంతు అన్నిటికన్న పైన, పెద్ద సావుకారి చెయ్యి ఇచ్చిండు, పెద్ద సావుకారి చెయ్యి ఇచ్చినంక ఇంకెవలిది నడుస్తది అని. జనం గుమిగూడిండ్రు. మా ఇంటాయన మోఖంల రక్తం లేదు. బాపు చెయ్యి ఇచ్చిండంటే ఇగ గదే ఖాయమని ఆయన నోటికొచ్చిన మాట మాకు తలుపు వెనకకెల్లి కనవడుతనే ఉన్నది. గా మాట అన్నడంటే ఇగ గద్దె మీద ఆయన కూసున్నా కూసోకున్నా ఒక్కటే. మా అత్త నా భుజం పట్టుకున్నది, పిండి నా రవికెకు అంటింది, ఇప్పటికీ గా పట్టు నాకు యాదికున్నది.

మా ఇంటాయన నోరు తెరిచే లోపల మా మామ చెయ్యి ఎత్తి ఆపిండు. నువ్వు ఏ ధరకు తెంపినవురా అని అడిగిండు. అట్ల నిండు బజార్ల నోటితోని ధర అడుగుడు ఎన్నడు లేదు, అందరు ఒకల మోఖం ఒకలు చూసుకున్నరు. మా ఇంటాయన దగ్గెరికి పోయి తండ్రి చెవుల చెప్పిండు. మా మామ కండ్లు మూసుకున్నడు. కామునిపున్నం తర్వాత ఖరీదుదార్లు ఎక్కువొచ్చి పసుపు ధర ఎక్కింది, ఇంట్ల మేమెవ్వలం ఆయనకు చెప్పలే. ఆయన ఒప్పుకున్నది పండుగకు ముందటి ధర. గది ఎరుకుండే నాందేడాయన అంత జల్ది చెయ్యి ఊపిండు. భీమ్‌గల్ రైతుకు ఏం సమజవుతలే, తల రుమాలు విప్పి చేతిల పట్టుకొని ఎవలు చెప్తే వాళ్ల దిక్కు చూస్తున్నడు. మా మామ చెయ్యి నిలిస్తే గా రైతు కష్టం పోతది, కొడుకు చెయ్యి పోతది. కొడుకు చెయ్యి నిలిస్తే ఆయన పేరు పోతది. అందరికి సమజయింది.

గప్పుడు మా మామ నాందేడాయన దిక్కు తిరిగి, నేను ఇచ్చిన చెయ్యి చెల్లదు అన్నడు. "నేను దీపావళి నాడే గద్దె దిగిన. నాతోని బేరం చేసినవంటే మా ఇంట్ల చింతపండు కొన్నవేమో గాని గీ పసుపు కాదు. దుకాణం చెయ్యి మా పిలగానిది." ఒకలిద్దరు నవ్విండ్రు. నాందేడాయన నవ్వలే. అయితే ఆర్మూర్ పెద్ద సావుకారి చెయ్యి ఇచ్చి తప్పిండని పోయిన కాడల్ల చెప్పుత అన్నడు. మా మామ చేతిల తువ్వాల దులిపి భుజం మీద వేసుకున్నడు. "చెప్పు" అన్నడు. "చెప్పేటప్పుడు, ఇగ గా ముసలోని చెయ్యి ఎవలు పట్టొద్దని సుత చెప్పు."

ఆయన దండం పెట్టి, జనం నడుమకెల్లి తొవ్వ చేసుకొని, మేము నిలవడ్డ తలుపులకెల్లి లోపలికొచ్చిండు. నా దిక్కు చూడలే. నీళ్ల చెంబు ఇస్తే తీసుకోకుంట, నాందేడాయనకు ఇచ్చిన చెయ్యి దిక్కే చూసుకుంట పీట మీద కూసున్నడు. మా అత్త ఆయన పక్కకు కూసొని గా చెయ్యి తన రెండు చేతులల్లకు తీసుకున్నది. మా కాలంల కోడలి ముందట పెనిమిటి చెయ్యి పట్టుకునుడు ఎక్కడిది? కని ఆమె పట్టుకున్నది, పిండి ఎండిపోయిన చేతులతోని, చానాసేపు. నేను వంటింట్లకు పోయి ఏడ్చిన. భయం పోయిన ఏడుపా, బాధ ఏడుపా అంటే చెప్పలేను, రెండూ ఉండొచ్చు.

అవతల కుప్పకెల్లి మా ఇంటాయన ఇంకో కుప్ప కాడికి పోయిండు. ఇగ ఎవలూ తలుపు దిక్కు చెవి పెట్టలే. గా ఏడు కాదు, తర్వాత ఆయన ఉన్నన్ని ఏండ్లు గా గద్దె మీద ఆయన చెయ్యికి ఎదురులేదు, గర్వమని అనుకుంటే అనుకోండ్రి, నిజం నిజమే. దమ్ము పూర్తిగ పోలే గాని మా మామ మల్ల దుమ్ముల నిలవడలే, నిజాం రాజ్యం పోయినంక సుత చానా ఏండ్లు బతికిండు, మనుమలను మనుమరాండ్లను ఎత్తుకున్నడు. పగటిపూట మా అత్తతోని పచ్చీసు ఆడేటోడు. ఆమె గవ్వలు తిప్పేస్తదని ఆయన, ఆయనకు లెక్క రాదని ఆమె, ఇద్దరు కొట్లాడుతుంటే ఇల్లు కళకళలాడేది. పెరుగామెను ఆయననే పోయి బతిమాలి తీస్కచ్చిండు, ఎంత చెప్తే గంత ఇచ్చి కొన్నడు. అంత మంచి కొత్త జీతగాడు దొరికిండని మా అత్త నాతోని అనేది.

నాందేడాయన అన్నంత పని చేసిండు. నిజామాబాద్ బజార్ల సుత గా మాట పాకింది. మా మామ బయటకు పోతే జనం దండాలు పెట్టేటోళ్లు, మర్యాద ఏం తక్కువ కాలే, కని దూరంకెల్లే పెట్టేటోళ్లు, చెయ్యి మాత్రం ఎవలు కలపకపోయేది. పొద్దంత వేళ్లు వేళ్లు తగిలిన మనిషికి గది ఎట్లుండెనో. ఆయన ఒక్కనాడు సుత ఎవలకు అసలు ముచ్చట చెప్పుకోలే, ధర తెల్వక జరిగిందని సుత అనలే. అంటే మేము చెప్పకపోతిమన్న మాట మా మీదికొస్తదనుకున్నడేమో. పసుపు ధర ఎంత అని సుత గా దినంకెల్లి అడుగలే. మా ఇంటాయన సాయంత్రం లోపలికొచ్చి, కాళ్లు కడుక్కొని, తండ్రి ఎదురుంగ కూసొని, ఆయన అడుగుతడని కాసేపు చూసి లేచేటోడు. ఒక్కసారి అడిగితే బాగుండని నాతోని చానాసార్లు అన్నడు.

ఇప్పుడు పసుపు అమ్ముడు తీరే వేరు. ధర ఎంతనో అందరికి ఎరుకయేటట్టు చెప్తరంట, రైతుకు సుత సెల్లుల కనవడతదంట. మంచిదే. గా తువ్వాల కింద ఎంతమంది రైతుల కష్టం ఎటు పోయిందో దేవునికే ఎరుక, పాతదంత బంగారమనే మనిషిని నేను కాను. కని పని విడిచిపెట్టుడు మాత్రం మనం మర్చిపోయినమనిపిస్తది. పేరు, గౌరవం అన్నీ మూటగట్టుకొని ఇంటికి తెచ్చుకుందామని చూస్తం, వెనక వచ్చినోడు మనంత కాదని ఎవలన్న అంటే లోపల సంబరపడతం. నేనూ గంతే, నా కోడలు కూర బాగున్నదని ఎవలన్న అంటే నేను నేర్పిందే అని నోటికొస్తది. మా మామ మాత్రం ఉన్న ఒక్క పేరును గా పసుపు కుప్ప పక్కన వదిలేసి ఇంట్లకొచ్చిండు, మల్ల తెచ్చుకోనీకి ఎన్నడూ పోలే.